రెండవ విడత

చిన్ననాడు చింతగింజలు పణముగా నుంచి ఆడని బాలుడు మన తాలూకాలో నుండడు. ఓడినను మరునాడు చెట్టు క్రింద గుప్పెడు దొరకును గనుక ఆ యోటమికి ఎవ్వరును దుఃఖింపరు. మేమును అట్లే ఆడి పెరిగినవారమే. కాని 2019వ సంవత్సరము మే నెలలో మేము ఆడిన పందెము చింతగింజలతో ఆడినది కాదు.

ఆ యేడు పదవ తరగతి పరీక్షలు వ్రాసి మేమిరువురమును, మా మిత్రుడొకడును సెలవులలో నుంటిమి. పావగడ ప్రాంతమున కబడ్డీ, క్రికెట్టు ఆడినంతగా ఫుట్‌బాల్ ఆడువారు లేరు. అయినను చేతికి ఫోను వచ్చిన పిమ్మట ఐరోపా ఖండపు మైదానములు మన వీధి యరుగుల మీదికి వచ్చినవి. మెస్సీ యను పేరు మా అవ్వకు గూడ తెలియును. ఆమె యతడు మాతో చదువుకొను పిల్లవాడనుకొనెడిది.

అచ్చటి ఛాంపియన్స్ లీగ్ నాకౌట్ పోటీలలో ఫైనలు దప్ప తక్కిన పోటీలన్నియు రెండు విడతలుగా జరుగును. ఒక ఆట ఒకరి ఊర, రెండవది రెండవవారి ఊర. రెండింటి గోలులను కూడి, ఎక్కువ గలవారిని గెలిచినట్లు ఎంచుదురు. కూడిక సమమైనచో పరాయి మైదానమున ఎక్కువ గోలులు చేసినవారు గెలిచినట్లు. ఈ కడపటి నియమమును 2021లో తీసివేసిరి. మేము చెప్పుచున్న నాటికది యుండెను.

మే 1న తన యూర జరిగిన సెమీఫైనలు మొదటి ఆటలో బార్సిలోనా జట్టు లివర్‌పూల్‌ను 3-0గా ఓడించెను. సువారెజ్ ఒక గోలు, మెస్సీ రెండు గోలులు చేసిరి. రెండవ ఆట మే 7న లివర్‌పూల్ నగరపు ఆన్‌ఫీల్డ్ మైదానమున. మన గడియారమున అప్పటికి అర్ధరాత్రి దాటి పండ్రెండున్నర.

ఈ నడుమ ఆరు దినములును మేము లెక్కలలో మునిగితిమి. లివర్‌పూల్ జట్టున సలా, ఫిర్మినో ఇరువురును దెబ్బలు తగిలి ఆడరైరి. బార్సిలోనా ఒక్క గోలు చేసినచో చాలును, ఎదుటివారు అయిదు చేయవలసి వచ్చును. ముందటి యేడు 2018లో ఇదే బార్సిలోనా రోమా జట్టుపై మొదట 4-1గా గెలిచి, రోమ్ నగరమున 0-3గా ఓడి వెడలిపోయిన సంగతి మాకు తెలియకపోలేదు. దానికి మేము చెప్పుకొన్న సమాధానమిది: ఒకసారి కాలు జారినవాడు రెండవసారి చూచి నడచును. 2017లో ఆ బార్సిలోనాయే ప్యారిస్ జట్టు చేత 0-4గా ఓడి, తన యూర 6-1గా గెలిచినది గదా! దానినిగూడ బార్సిలోనా గొప్పతనమునకే జమకట్టితిమి. మాకు వలసిన ఫలితమును ముందే వ్రాసికొని లెక్క పిమ్మట వేసితిమని ఇప్పుడు తోచుచున్నది.

ఫోను మీద పందెములు వ్రాసికొను మధ్యవర్తి యొకడు పక్క యూర నుండెను. బార్సిలోనా ఫైనలు చేరునని వేయి రూపాయలు కట్టి గెలిచినచో నూరు లాభమిత్తుననెను. మా వద్ద డబ్బు లేదు గనుక మాకు ధైర్యము మెండుగా నుండెను. మా మిత్రుని వద్ద నుండెను. నాగలమడక హోబళిలో సౌరవిద్యుత్ కేంద్రమునకు వాని నాయన భూమి కౌలుకిచ్చియుండెను. ఆ కౌలు ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలతో మొదలైనది. అందుండి పి.యు. కళాశాలలో చేరుటకని కొడుకు చేతికిచ్చినది ఏడువేలు, అనగా ఆ లెక్కన ఒక ఎకరము యొక్క నాలుగు నెలల కౌలు. "ఏమబ్బీ, లెక్క సరిగా వేసినారా?" అని వాడు రెండు సారులడిగెను. వేసితిమంటిమి. వాడు ఏడువేలును కట్టెను.

ఏడవ నిమిషమున ఒరిగి గోలు చేసెను. విరామము తరువాత వచ్చిన వైనాల్డమ్ 54వ నిమిషమున ఒకటి, 56వ నిమిషమున మరియొకటి. మూడు మూడు సమమైనవి. 79వ నిమిషమున అలెగ్జాండర్-ఆర్నాల్డ్ అను యువకుడు, బార్సిలోనావారు ఇంకను సర్దుకొనక మునుపే మూలనుండి బంతిని చటుక్కున తన్నెను. ఒరిగి దానిని గోలులోనికి పంపెను. 4-0. మేము ఫోను ఆర్పితిమి. మా మిత్రుడు "లెక్క మీది, డబ్బు నాది" అని మాత్రమనెను.

మేము వేయని లెక్క యొకటి యుండెను. వేయికి నూరు లాభమనిన, పదిసారులు గెలిచి ఒక్కసారి ఓడినచో గెలిచినదంతయు పోవును. పదునొకండింట పదిసారులు గెలిచినను మిగులు సున్న. ఆ మధ్యవర్తికి ఫుట్‌బాల్ తెలిసియుండనక్కరలేదు. ఈ భాగహారము తెలిసిన చాలును. ఇది మనము ఏడవ తరగతిలో నేర్చినదే. 2025లో పార్లమెంటు చట్టము చేసి ఆన్‌లైన్ పందెములను నిషేధించినది. ఆ రాత్రి మాకు చట్టము కాదు, ఆ భాగహారము గుర్తుండవలసినది.

వాని నాయనకు సంగతి చెప్పుటకు మువ్వురమును కలసియే పోయితిమి. ఆయన కోపింపలేదు, అదియే కష్టమైనది. మరునాటి నుండి విత్తనపు సెనక్కాయలు ఒలుచు కూలికి పోయితిమి. మేము పని చేయు పంచలోనికి విశ్రాంత ఉపాధ్యాయులొకరు వచ్చి కూర్చుండెడివారు. మా కథ విని, దీనికి లివర్‌పూల్ దాక పోవలెనా యనిరి. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో భారత జట్టు మొదట దక్షిణ కొరియా చేత 0-2గా ఓడెను. సెప్టెంబరు 4న ఫైనలులో మరల ఆ కొరియాయే ఎదురయ్యెను. మన జట్టు శిక్షకుడు హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీం, ఒకప్పటి బడిపంతులు. జట్టులో సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగును రహీం ముందువరుసలో ఆడించగా అతడొక గోలు చేసెను, పి.కె. బెనర్జీ యొకటి. 2-1తో బంగారు పతకము మనదాయెను. రహీం మరుసటి యేడే క్యాన్సరుతో మరణించెను.

"ఆ పొద్దు మీరుంటే ఎవరి మీద కట్టిందురు?" అని అయ్యవారడిగిరి.

కొరియా మీద, అని చెప్పక తప్పలేదు.

జూన్ 1న మాడ్రిడ్ నగరమున లివర్‌పూల్ జట్టు టాటెన్‌హామ్‌ను 2-0గా ఓడించి కప్పు గెలుచుకొనెను. ఆ వార్త మాకు మరునాడు మధ్యాహ్నమునకు గాని తెలియలేదు. అప్పటికి మా కూలి రెండువేలైనను కాలేదు. ఆనాడు మా మిత్రుని యింటనే, కౌలుకు పోగా మిగిలిన చేనికి కావలసిన విత్తనము ఒలుచుచుంటిమి. వాని నాయన మా ప్రక్కకు వచ్చి కూర్చుండి, చాటలోని గింజలను వేళ్లతో కదిపి చూచి, "పగలకుండా ఒలవండబ్బీ, పగిలిన గింజ మొలవదు" అనెను.