సెప్టెంబరు 17వ తేదీని గుఱించి పిల్లలకేమి చెప్పవలెను?



మన తెలంగాణమున సెప్టెంబరు 17వ తేదీ సమీపించినదనగా ఒక వివాదము వెంట వచ్చును. ఆ దినమును కొందఱు విమోచన దినమందురు. కొందఱు విలీన దినమందురు. విద్రోహ దినమనువారును లేకపోలేదు. 2022వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము దానిని విమోచన దినముగా జరుపగా, అదే దినమును రాష్ట్ర ప్రభుత్వము జాతీయ సమైక్యతా దినముగా జరిపినది. రాష్ట్రమున ప్రభుత్వము మాఱిన పిదప 2024లో దానికి ప్రజాపాలన దినోత్సవమను పేరు వచ్చినది. ఎగురవేయు జెండా ఒక్కటియే, పేరు మాత్రము ఇంకను కుదురుపడలేదు.

మావారు నిజామాబాదులో ఉపాధ్యాయులు. ఆ దినమున పిల్లల యెదుట నాలుగు మాటలు చెప్పుట వారి వంతు. ఒక యేడు ఒక బాలిక లేచి, "సార్, ఆ రోజు గెలిచినది ఎవరు? ఓడినది ఎవరు?" అని యడిగినదట. ఆ తరగతిలో హిందువుల బిడ్డలును ముసల్మానుల బిడ్డలును ఒకే బల్లపై కూర్చుందురు. మావారు ఇంటికి వచ్చి, "నీవైతే ఏమని చెప్పుదువు?" అని నన్నడిగిరి. ఆ ప్రశ్న ఉపాధ్యాయులది మాత్రమే కాదని నాకు తోచినది. బడిలో అరగంట విన్నదానికంటె, ఇంట అన్నము తినుచు విన్నది పిల్లల మనసులో గట్టిగా నాటుకొనును. కావున అది తల్లుల ప్రశ్న గూడ.

జరిగినదానిని ముందుగా తెలిసికొందము. 1947 ఆగస్టు 15న దేశము స్వతంత్రమైనది. హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరలేదు. ఆ నవంబరు 29న ఇరువురకు యథాతథ ఒడంబడిక కుదిరినను, శాంతి కుదురలేదు. కాసిం రజ్వీ నాయకత్వమున రజాకారులు పల్లెలపై బడి దోపిడులు, హత్యలు, స్త్రీలపై అత్యాచారములు సాగించిరి. ఎదిరించినవారు చెఱసాలల పాలైరి. 1948 సెప్టెంబరు 13న భారతసేనలు సంస్థానమున ప్రవేశించెను. 17న నిజాము లొంగిపోయెను. ఆ యైదు దినముల యుద్ధమునకే పోలీసుచర్యయని పేరు.

మావారి నాయనమ్మగారు అప్పటికి పండ్రెండేండ్ల పిల్ల. వారిది బోధను ప్రాంతపు పల్లె. ఆమె ఆ కాలమును గుఱించి రెండు కథలు చెప్పెడివారు. మొదటిది రజాకారులు వచ్చుచున్నారను వార్త విని, ఆడువారందఱు నగలు పెరటిలో పాతిపెట్టి, రాత్రులు చెఱకు తోటలలో దాగిన కథ. పసిపిల్ల యేడ్చిన నలుగురి ప్రాణములు పోవునని తల్లులు చేతులతో పిల్లల నోళ్లు మూసి కూర్చుండిరట. రెండవది ఆ పిమ్మట కొలది దినములకే జరిగిన కథ. సేనలు వచ్చినవి, రజాకారులు పాఱిపోయినారు. అప్పుడు ఊరిలో గాజులమ్ముకొను ముసల్మాను కుటుంబమునకు భయము పట్టినది. ఎవరికిని కీడు చేసినవారు కారు. కాని మంజీరకు ఆవలి గట్టునుండి వచ్చు వార్తలు వినిన వారికి నిదుర లేదు. మా యింటివారు వారిని వడ్లగుమ్మి వెనుక దాచి, కొన్ని రాత్రులు అన్నము పెట్టిరి.

"ఈ రెండవ కథ ఎవరును చెప్పరేమి?" అని నేనొకసారి యడిగితిని. ఆమె తమ పల్లె మాటలోనే, "రెండూ మా ఇంట్ల జరిగినయే బిడ్డా. ఒకటి చెప్పి ఒకటి దాస్తె అది అబద్ధమే" అనిరి.

ఆమె మాటకు చరిత్రయందును సాక్ష్యము కలదు. పోలీసుచర్య పిమ్మట భారత ప్రభుత్వమే పండిత సుందరలాలుగారి నాయకత్వమున ఒక సంఘమును సంస్థానమునకు పంపినది. ఆ అల్లకల్లోలమున తక్కువలో తక్కువ 27,000 నుండి 40,000 వఱకు జనులు మరణించిరని ఆ సంఘము అంచనా వేసినది. మిక్కిలి నష్టపడిన జిల్లాలలో మనకు పొరుగుననున్న నాందేడు ఒకటి. ఆ నివేదిక అరువదేండ్లకు పైగా మఱుగుననుండి, 2013లో గాని జనులకు అందుబాటునకు రాలేదు. అందులో మఱియొక సంగతియు కలదు. కొన్ని చోట్ల హిందూ నేతపనివారు తమతోడి ముసల్మాను నేతపనివారిని కాపాడబూని, తమ ప్రాణములనే పోగొట్టుకొనిరట. అపహరింపబడిన ముసల్మాను స్త్రీలను తిరిగి యిల్లు చేర్చుటకు హిందువులనేకులు తోడ్పడిరట.

ఆవలి పక్షముననుండియు ఇట్టివారు కలరు. ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్, సంస్థానము భారతదేశమున చేరవలెనని వ్రాసినందులకు 1948 ఆగస్టులో హైదరాబాదు నడివీథిలో హత్య చేయబడెను. అదే కాలమున పల్లెలలో వెట్టిచాకిరి చేయించుకొన్న దేశముఖులలో హిందువులనేకులు. కావున ఆ పోరును రెండు మతముల పోరుగా చెప్పుట చరిత్రకు సరిపడదు. నే నీ మాటలు చెప్పగా మావారు విని, తరగతిలో షోయబుల్లా ఖాన్ కథను, నేతపనివారి కథను జంటగా చెప్పుటకు పూనుకొనిరి.

నేను చిన్ననాట మా తండ్రిగారి యొద్ద భారతము చదువుకొంటిని. అందు స్త్రీపర్వము నా మనసును విడువదు. నూర్గురు కొడుకులను పోగొట్టుకొన్న గాంధారి యుద్ధభూమిలో నిలిచి తన బిడ్డలకై విలపించును. కాని ఆమె చూపు అక్కడనే యాగిపోదు. అభిమన్యుని కళేబరముపై పడి యేడ్చు ఉత్తరను గూడ చూచి, శ్రీకృష్ణునకు చూపి దుఃఖించును. అభిమన్యుడు ఆమె కొడుకులతో పోరినవాడే గదా! పగవాని భార్య యేడ్పు గూడ ఏడ్పేయని గుర్తించుటకు ఎంతటి గుండె కావలెను!

మన నిజామాబాదు ఖిల్లా చెఱసాలలో దాశరథి కృష్ణమాచార్యులుగారు బందీగా నుండి, గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసిరని మన పిల్లలందఱు ఎఱుగుదురు. ఆయనయే తరువాత గాలిబు కవి ఉర్దూ గజళ్లను తెలుగు చేసి మనకిచ్చెనని ఎందఱు చెప్పుదురు? నిజాము సింహాసనమును ఎదిరించిన చేయియే ఉర్దూ కవితను ఆదరించినది. దొరతనముపై కోపము వేఱు, పొరుగువానిపై కోపము వేఱు.

ఇదంతయు పాతకథ యనుకొనవలదు. 2022 మార్చి 20న బోధను పట్టణమున శివాజీ విగ్రహము విషయమై ఇరుపక్షములకు ఘర్షణ కలిగి, పోలీసులు బాష్పవాయువు ప్రయోగించి, 144వ సెక్షను విధింపవలసి వచ్చినది. ఆ పట్టణముననే 1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. చెఱకు పండించువారు, బండ్లు తోలువారు, యంత్రములు నడుపువారు ఏ మతమువారైనను అక్కడ కలిసి పనిచేసి బ్రతికిరి. 2015లో అది మూతపడినది. కలిసి చేయు పని పోయిన చోట, కలిసి మాటలాడుట గూడ తగ్గునేమోయని నా భయము.

బోధనే భారతములోని ఏకచక్రపురమని ఈ ప్రాంతపువారి నమ్మకము. అక్కడ కుంతీదేవి పరుల యింట తలదాచుకొన్న స్త్రీ. ఆ యింటివారికి బకాసురునికి ఆహారమగు వంతు వచ్చినపుడు, "ఇది వారి కష్టము, మనకేల?" అని యామె ఊరకుండలేదు, తన కొడుకును పంపినది. భీముని బలము మనకు లేకపోవచ్చును గాని, పొరుగింటి యేడ్పు విని లేచి తలుపు తీయుట మనకు చేతనగును.

1948లో పదేండ్ల వారైనవారికి ఇప్పుడు తొంబది సమీపించుచున్నవి. మీ యింటగాని పొరుగింటగాని అట్టి పెద్దలున్న యెడల, ఈ వారమే వారి యొద్ద కూర్చుని యడుగుడు. ఎవరికి భయపడి దాగిరో యడుగుడు. ఎవరిని దాచిరో గూడ మఱువక యడుగుడు. పొరుగింటి ముసల్మాను అవ్వ యొద్దకు పోయియు ఇదే యడుగుడు. రెండును ఒక్క పుస్తకమున వ్రాసి, మీ పిల్లలకు చదివి వినిపింపుడు.