పదునూ పంచాంగమూ

మడకశిర మెట్టపొలాల్లో వేరుసెనగ విత్తడానికి రెండు లెక్కలున్నాయి. ఒకటి కార్తె, రెండవది పదును. మృగశిర వచ్చినంత మాత్రాన గొర్రు కట్టరు. వానపడి తడి విత్తు లోతుకు దిగాలి. అలాగని పదును కోసమే కూర్చుని అదను దాటిస్తే, ఊడలు దిగే వేళకు బెట్ట తగులుతుంది.

భద్రతకు సంబంధించిన స్వేచ్ఛా సాఫ్టువేరు విడుదలల గురించి చదివినప్పుడల్లా నాకు ఈ రెండు మాటలే స్ఫురిస్తాయి. జాలంలో మన సంభాషణలను గుప్తలిపిలోకి మార్చే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ చాలాకాలం పదును పద్ధతిలోనే నడిచింది. సిద్ధమైనప్పుడు విడుదల, అంతే. 2012 మార్చిలో వచ్చిన 1.0.1లో చేరిన దోషం 2014 ఏప్రిల్ 7న హార్ట్‌బ్లీడ్ పేరుతో బయటపడేనాటికి, ఆ ప్రాజెక్టుకు ఏటా అందుతున్న విరాళాలు సుమారు రెండువేల డాలర్లు. లోకమంతా ఆనుకున్న గోడకు కాపలా ఇద్దరు ముగ్గురు! ఆ ఏడాది చివరనే వారు విడుదలల విధానమొకటి ప్రకటించారు. ఇప్పుడు ఏటా ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి. మన లెక్కలో ఒకటి ఎండల్లోను, మరొకటి వేరుసెనగ పీకే రోజుల్లోను అన్నమాట.

అయితే దోషాలకు పంచాంగం లేదు. అందుకే తీవ్రమైన మరమ్మతు ఏదైనా ఉంటే దాని వివరం దాచి, తేదీ మాత్రం ముందే చాటుతారు. 2022 అక్టోబరు 25న అలాగే చాటారు: నవంబరు 1, మన కాలమానంలో సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి పదిన్నర లోపల. వారం రోజులు సర్వరుల నిర్వాహకులకు నిద్రలేదు. తీరా చూస్తే తీవ్రత ఒక మెట్టు తగ్గింది. పైగా ఆ దోషం కొత్త 3.0 శ్రేణిలోనే ఉంది. పాత 1.1.1ను పట్టుకు వేలాడినవారికి ఏమీ కాలేదు! (వారిది ముందుచూపు కాదు, బద్ధకమని నా అభిప్రాయం. ఆ 1.1.1కు కూడా 2023 సెప్టెంబరులో ఉచిత మరమ్మతులు ఆగిపోయాయి.)

నన్ను ఎక్కువగా కలచివేసింది ఎక్స్‌జెడ్ ఉదంతం. జీతంలేని అభిరుచిగా ఆ పనిని నెత్తికెత్తుకున్న లాసె కొలిన్‌ను 2022లో కొందరు విడుదలలు ఆలస్యమవుతున్నాయని వేధించారు. తన మనసు చాలాకాలంగా బాగులేదని ఆయన చెప్పుకున్నా వదలలేదు. ఆ గొంతులు కల్పితమైనవేనన్న అనుమానం తరువాత బలపడింది. ఆ ఒత్తిడి నడుమ ‘జియా టాన్’ అనే సహాయకుడికి అధికారం చిక్కింది. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల విడుదలల్లో దొడ్డిదారి చేరింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ ఎందుకో అరసెకను ఆలస్యమవుతున్నదని వెదికి, మార్చి 29న దానిని బయటపెట్టాడు. తొందరపెట్టినవారు ‘ఇంకెప్పుడు?’ అని అడిగినది ఒక మనిషి ఓపికను. ఆయనకు వానెప్పుడో ఎవరూ అడగలేదు.

ఉబుంటు పేరులోనే నెల ఉంటుంది: 24.04. అంతటి పంచాంగంవారు కూడా ఏప్రిల్ 4న రావలసిన బీటాను వారం వాయిదా వేసి, ఆ దొడ్డిదారి చేరాక తయారైన ప్యాకేజీలన్నింటినీ మళ్ళీ మొదటినుంచి నిర్మించారు. తుది ప్రతి మాత్రం అనుకున్న ఏప్రిల్ 25నే వచ్చింది.