మా మేనమామగారి ద్రాక్షపందిరి

ఇటలీ దేశంలో చదువుకొంటున్న మా అక్క కొడుకు 2024 ఆగస్టులో సెలవులకు వచ్చి, కోయంబత్తూరులో మా ఇంట పది దినాలు ఉన్నాడు. వాడు చదివే టురిన్ నగరానికి దక్షిణాన లాంగే అనే కొండసీమ ఉన్నదట. అక్కడి ద్రాక్షతోటలను 2014లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినారు. స్నేహితులతో ఆ తోటలు తిరిగినప్పుడు తీసిన ఫోటోలను ఒక రాత్రి భోజనాలైన తరువాత, చాపమీద కూర్చుండి మా అందరికీ చూపించినాడు.

కొండవాలున దువ్వి జడలు వేసినట్లు ద్రాక్షతీగల బారులు. నేలమాళిగల్లో మనిషెత్తు పీపాలు. ఆ సీమలో బారోలో అనే వైనుకు పెద్ద పేరు. దానిని నెబ్బియోలో అనే ఒక్క జాతి ద్రాక్షతోనే చేయవలెను; 38 నెలలు నిలువ ఉంచనిదే అమ్మరాదు; అందులో 18 నెలలు కొయ్యపీపాలలో ఉండి తీరవలెను. ఇదంతా చట్టమే. తోట చూడబోయినవారికి గాజు గ్లాసులో రెండు గుక్కల మందం పోస్తారట. దానిని గటగట త్రాగరాదు. మొదట వెలుతురుకు పట్టి రంగు చూడవలెను. పిదప గ్లాసును గుండ్రంగా త్రిప్పి వాసన చూడవలెను. ఆ తరువాత నోట పోసుకొని, నాలుక అంతా తడిపి, ఇష్టముంటే మింగవచ్చు, లేకుంటే ప్రక్కనున్న పాత్రలో ఉమ్మివేయవచ్చు.

మా అమ్మ ఒక మూల కూర్చుండి మునగాకు దూస్తున్నది. "ఉమ్మివేసేదానికి అంత దూరం పోవాలా?" అన్నది. మేమందరం నవ్వినాము. అమ్మ నవ్వలేదు.

"మన ప్రక్కన ఇట్లాటివి లేవవ్వా" అన్నాడు మావాడు.

"ఎందుకు లేవు? మా ఊళ్ళో లేదా ద్రాక్ష?" అని ఆకు చేట తీసుకొని లోపలికి వెళ్ళిపోయినది.

మాకు ఆ మాట విని ఆశ్చర్యమైనది. పుట్టింటి ఊరు ప్రస్తావన అమ్మ నోట రాక పన్నెండేండ్లు దాటినది.

అమ్మది కంబం ప్రక్క పల్లె. 1996లో తేని జిల్లా అని వేరుపడినది గాని అంతకుముందు అదంతా మదుర జిల్లాయే. ఆ లోయలో మన తెలుగువారి ఇండ్లు ఎన్నో తరాలుగా ఉన్నవి. అమ్మ తమ్ముడు, మా మేనమామ, ఒకటిన్నర ఎకరాలో ద్రాక్ష పెట్టినాడు. ఇక మా నాయన సంగతి. ఆయన మిల్లు ఉద్యోగి, మంచివాడు, త్రాగుడు పట్టినది. అమ్మ మెడలో గొలుసు మొదలు ఇంట్లో ఇత్తడి బిందెదాకా ఒక్కొక్కటే పోయినవి. 2009లో ఆయనే పోయినాడు. ఇంతకుమించి వ్రాయ మనస్కరించదు. ఇట్టి ఇండ్లు చదువరులకు తెలియనివి కావు.

2012లో మామ తన పంటలో కొంత ఒక వైను కంపెనీకి తూచినాడని అమ్మ చెవిని పడినది. "నా పసుపుకుంకుమలు తీసిన దానికే సరుకు అమ్మినాడు. ఆ పైకం తిన్న ఇంట మెతుకు ముట్టను" అన్నది. మామ కూతురి పెండ్లికి కూడా మమ్ములను పంపి, తాను పోలేదు.

అటువంటి అమ్మ, ఫోటోలు చూచిన మర్నాడు ఉదయం కాఫీ ఇస్తూ, "పిల్లవాడు అంతంత దూరం తోటలు చూచి వచ్చినాడు. కంబం చూపించుదాము, కారు మాట్లాడండి" అన్నది. మేము మారుమాటాడలేదు. ఆఫీసుకు రెండు దినాలు సెలవు చీటి పంపినాము.

పళని, దిండిగల్లు, వత్తలగుండు మీదుగా పోయినాము. దోవ పొడుగునా మావాడు ఇటలీ గొప్పలే చెప్పుచుండగా, మేమూ మదుర పరువు నిలుపదలచి, 1606లో మదురకు వచ్చిన రాబర్టు డి నోబిలి పాదిరీ కథ చెప్పినాము. ఆయన వంశం మోంటెపుల్చానో అనే ఊరిది. ఆ ఊరు నేటికీ వైనుకు పేరుపడినది. అట్టివాడు నాయకరాజుల మదురలో కాషాయం కట్టి, మాంసమూ మద్యమూ మాని, అన్నమూ కూరలూ పాలూ ఒంటిపూట భుజించి, అరవమూ తెలుగూ సంస్కృతమూ నేర్చినాడు. జనులు ఆయనను తత్త్వబోధక స్వామి అన్నారు. అంతా విని అమ్మ, "వాళ్ళమ్మ పుణ్యం" అన్నది.

తేని దాటిన పిమ్మట రెండు ప్రక్కలా కొండలు దగ్గరికి వస్తవి. పడమటి కొండ ఆవల కేరళ. ఆ దిక్కుకు పారే పెరియారు నీటిని పెన్నీక్విక్ దొర ఆనకట్ట కట్టి, కొండను తొలిచి ఇటు మరల్చినాడు. అది 1895 నాటి మాట. లోయర్ క్యాంపులో ఆయనకు స్మారకమందిరం ఉన్నది. సంక్రాంతికి ఆయన పేర పొంగలి పెడతారు. ఆ నీరే లేకుంటే లోయలో వరీ లేదు, ద్రాక్షా లేదు.

మామ వాకిటనే నిలబడి ఉన్నాడు. జుత్తు తెల్లబడిపోయినది. "రా అక్కా. బాగుండావా?" అన్నాడు. అమ్మ "ఊఁ" అన్నది. అత్తయ్య మజ్జిగ తెచ్చి అందరికీ ఇచ్చినది. అమ్మ లోటా అందుకొని ప్రక్కన పెట్టి, "ముందు తోట చూతాము" అన్నది.

అక్కడి తోట ఇటలీ తోటవలె బారులు తీరి ఉండదు. రాతికూసాలు నాటి, తలపైన తీగెలు అల్లిన పందిరి. ఎండలోనుంచి లోనికి అడుగు పెడితే ఆకుల క్రింద పచ్చని చీకటి, చల్లన. తలకు తగిలేటట్లు నల్లని గుత్తులు. మావాడు గ్లాసు వాసన చూచినట్లే ఒక గుత్తి క్రింద ముక్కు పెట్టి నిలిచిపోయినాడు. దీనిని పన్నీరు ద్రాక్ష అంటారు. ఆ పరిమళం ఉన్నది. 2023లో కంబం పన్నీరు ద్రాక్షకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఫ్రెంచి పాదిరీ ఒకరు మొదటి తీగ తెచ్చినారని ఊళ్ళో చెప్పుకొంటారు.

మామ మాటకారి కాడు గాని పందిరి క్రింద మాత్రం నోరు విప్పుతాడు. కవాత్తు, అనగా కొమ్మ కత్తిరింపు, చేసిన నాటినుండి నాలుగు నెలలకు పండు. ఒక మడి కోతకు వచ్చేసరికి మరొక మడి చిగురు వేసేటట్లు చూచుకొంటారు. అందువల్లనే కంబంలో ఏడాది పొడుగునా ద్రాక్ష దొరుకుతుంది. బూజు తెగులుకు మైలుతుత్తమూ సున్నమూ కలిపి చల్లుతారు. దానిని బోర్డో మందు అంటారు. బోర్డో అన్నది ఫ్రాన్సులోని వైను ఊరి పేరని మావాడు చెప్పగా మామ, "ముప్పై ఏండ్లుగా కొడుతుండానురా, ఊరి పేరని తెలియదే" అన్నాడు.

"ఈ పన్నీరుకు ఇటలీలో చుట్టాలున్నారు తాతా" అన్నాడు మావాడు. దాని దొర పేరు మస్కట్ హాంబర్గు. ఇంగ్లండులో పందొమ్మిదవ శతాబ్దిలో రెండు జాతులు కలిపి పుట్టించినారట. ఆ రెంటిలో ఒకటి ఇటలీ ఉత్తరపు కొండల స్కియావా. రెండవది అలెగ్జాండ్రియా మస్కట్. దానిని ఇటలీలో జిబిబ్బో అంటారు. ఆ జిబిబ్బోకు కన్నవారిలో ఒకటి, టురిన్ దాపునే ఆస్తి సీమలో పండే తెల్ల మొస్కాతో.

"అంటే ఆ తెల్లది దీనికి తాత" అన్నాడు మామ.

"అవును. తాతను తీసుకొని వచ్చినాను కూడా" అని మావాడు తన సంచిలోనుండి ఒక సీసా తీసినాడు. మొస్కాతో వైను, మామకని తెచ్చినాడట. మాకు గుండె ఆగినంత పని అయినది. వీడికి ఇంటి సంగతి సగమే తెలుసు. ఆ తప్పు మాదే.

మామ సీసా అందుకోలేదు. అమ్మ వైపు చూచినాడు.

"ఆ ఏడు కోత నాడు కొండమీదినుంచి సారలు పట్టుకొన్నది అక్కా" అన్నాడు. "మూడు దినాలు వదలలేదు. వాన పడితే ఈ పండు పగిలిపోతుంది. కేరళ వ్యాపారి చూచి, ముట్టకుండా పోయినాడు. పిల్ల పెండ్లికి అప్పు తెచ్చి ఉంటిని. పగిలినది ఎవరు కొంటారు? వాళ్ళు కొన్నారు. ఒక్క ఏడే. మళ్ళీ వేయలేదు."

"మళ్ళీ వేయలేదని నాకు చెప్పవచ్చునే."

"నీవు ఫోను ఎత్తితే గదా!"

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ప్రక్క మడిలో కొమ్మలు కత్తిరించే చప్పుడు ఒక్కటే వినబడుతున్నది. అమ్మ ఆ సీసాను మావాడి చేతిలోనుండి తీసుకొన్నది. పగులగొడుతుందేమో అనుకొన్నాము. వెలుతురుకు పట్టి చూచినది. "తేనె రంగు" అని మామ చేతికి ఇచ్చి, "నీకని తెచ్చినాడు, ఉంచుకో. త్రాగితే నాకు చెప్పు" అన్నది. పిదప చెయ్యి చాచి తానే ఒక గుత్తినుండి నాలుగు పండ్లు తుంచుకొన్నది. ఒకటి నోట వేసుకొని, గింజలు అరచేతిలోనికి ఉమ్మి, "ఇదిగో, నేనూ ఉమ్మినాను" అన్నది మావాడితో. ఈసారి తానే నవ్వినది.

ఆ పూట మామ ఇంట అమ్మ రెండుసార్లు అన్నం పెట్టించుకొన్నది. గింజలు కొంగున ముడివేసుకోగా చూచి మామ, గింజ వేస్తే తల్లి గుణం రాదని చెప్పి, ప్రక్క మడిలో కత్తిరించిన ముదురు కొమ్మలు ఆరు ఏరి, తడిగోనెలో చుట్టి ఇచ్చినాడు.

ఆరింటిలో నాలుగు చిగిర్చినవి. పెరట్లో ఇనుప పైపులతో చిన్న పందిరి వేసినాము. ఆ వైను లేతగా ఉండగానే త్రాగవలెననీ, ఉంచితే పాడగుననీ మావాడు టురిన్‌నుండి ఫోను చేసి రెండుసార్లు గుర్తుచేసినాడు. మామ ఇంటి గూటిలో సీసా ఇంకా మూత తీయకుండానే ఉన్నది.