బంతి వెనక్కే ఇవ్వాలి

రగ్బీ మన వైపు ఆట కాదు. అయినా దానికీ మన రూపాయికీ చుట్టరికం ఉంది. కలకత్తాలో రగ్బీ ఆడే క్లబ్బు ఒకటి మూతపడుతూ, మిగిలిన వెండి రూపాయలు కరిగించి కప్పు చేయించి 1878లో ఇంగ్లండుకు ఇచ్చింది. దానికోసం ఇంగ్లండు, స్కాట్లండు నేటికీ పోరాడుతున్నాయి.

బెంగుళూరులో ఈ ఆట నేర్చిన మా మనవరాలు సెలవులకు కుప్పం వచ్చి నాకు పాఠం మొదలుపెట్టింది.

"తాతా, చేతులు ముందే చాచు. వేళ్ళు విప్పు. కళ్ళు బంతిమీదే ఉండాలి. అందగానే చేతులు కాస్త వెనక్కి తియ్యి!"

లారీమీంచి గుమ్మడికాయలు అందుకునే హమాలీల విద్య కూడా ఇదే!

చిక్కంతా ఇవ్వడంలో ఉంది. చేత్తో బంతి ముందుకు విసరకూడదు. పక్కకో, వెనక్కో ఇవ్వాలి. అదైనా ఎదుటివాడు మీదికి వచ్చేదాకా ఆగి ఇస్తేనే ఫలం. దెబ్బ ఇచ్చినవాడికి, ఖాళీ దారి అందుకున్నవాడికి!

పుంగనూరులో మా అన్నయ్య చేసింది అదే. నాన్న పోయిన ఏడు తను చదువు మానేసి అంగట్లో కూర్చున్నాడు. నన్ను మదనపల్లె కాలేజీకి పంపాడు. అప్పులవాళ్ళు వస్తే తనే ఎదురు వెళ్ళేవాడు. ఆ సంగతి నా చదువు పూర్తయ్యేదాకా నాకు తెలియనివ్వలేదు.

రగ్బీలో గీత దాటినవాడి పేరే లెక్కలో రాస్తారు. బంతి అందించినవాడి పేరు ఇంట్లోవాళ్ళయినా తలుచుకోవాలి.