నాయనమ్మ బైబిల్లో ఒక ఖాళీ

మా నాయనమ్మ ఎన్నేళ్ళు బతికిందో మా ఇంట్లో ఎవరికీ కచ్చితంగా తెలియదు. తొంభై అయిదని నాన్న, కాదు తొంభై ఏడని మేనత్త. 2006లో ఆమె పోయినప్పుడు సమాధి రాయి మీద ఏం చెక్కించాలన్న ప్రశ్న వచ్చింది. పుట్టిన తేదీ ఎక్కడా దొరకలేదు. బాప్తిస్మం తీసుకున్న సంవత్సరం మాత్రం దొరికింది. ఆమె బైబిలు అట్ట లోపలి పుటలో గుండ్రటి అక్షరాలతో 1924 అని రాసి ఉంది. చివరికి అదే చెక్కించాం. తెలియనివాళ్ళు ఆ రాయి చూసి ఆమె ఎనభై రెండేళ్ళు బతికిందనుకుంటారు. ఆమెను అడిగితే అదే సరైన లెక్క అని ఉండేది.

బాప్టిస్టుల సంగతి తెలియని మిత్రుల కోసం రెండు మాటలు. అనేక క్రైస్తవ శాఖలలో పసిబిడ్డకే నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు. బాప్టిస్టులు ఇవ్వరు. బిడ్డను గుడికి తీసుకువెళ్ళి ప్రార్థన చేయించుకుని వస్తారు, అంతే. ఊహ తెలిసి, విశ్వాసం కలిగి, తనంతట తానుగా సంఘం ముందు ఒప్పుకున్న తరువాతే నీళ్ళలోకి దించుతారు. అదీ నిండా ముంచి లేపుతారు. తల్లికి ఎంత భక్తి ఉన్నా అది బిడ్డ ఖాతాలో పడదు. ఈ ఒక్క సూత్రాన్ని మా నాయనమ్మ పట్టుకున్నంత గట్టిగా పట్టుకున్న మనిషిని నేను చూడలేదు.

మాది ఒంగోలు ప్రాంతం. 1876-78 నాటి ధాత కరువు గురించి మా ఇంట్లో నిన్నమొన్న జరిగినట్టు చెప్పుకునేవారు. ఆ కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పనిని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి చూపించాడు. ఆ పనులు సాగినంత కాలం బాప్తిస్మం కావాలని వచ్చిన వాళ్ళకు ఆయన ఇవ్వలేదు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. కరువు పనులు ఆగాక కూడా జనం రావడం మానలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజునే 2,222 మంది మునిగి లేచారు. ఇద్దరేసి చొప్పున వంతులు మార్చుకుంటూ వాళ్ళను ముంచి లేపినది తెలుగు బోధకులే. అలా చేరినవారిలో ఎక్కువమంది మాదిగలు. మేమూ వాళ్ళలోని వాళ్ళమే. నాయనమ్మకు అమ్మమ్మ, అప్పటికి పన్నెండేళ్ళ పిల్ల, ఆ రోజు ఆ వరుసలో నిలబడిందని మా ఇంటి కథ.

నాయనమ్మ మాత్రం ఆ కథను ఘనంగా చెప్పుకునేది కాదు. “అది ఆమె మునక. నాది నేను మునిగాను గదా!” అనేది. తాను మునిగినది ఊరి చెరువులో. నీళ్ళు చల్లగా ఉన్నాయనీ, అవతలి గట్టున గేదెలు తలలెత్తి చూశాయనీ, వాటిని చూసి నవ్వొస్తే దేవుడికి కోపం వస్తుందేమోనని పెదవి కొరుక్కున్నాననీ చెప్పేది.

మిషను బడిలో చదువు నేర్చింది. బడిపంతులును పెళ్ళి చేసుకుంది. నలుగురు పిల్లలు పుట్టాక ఆయన జ్వరంతో పోయాడు. ఆ తరువాత బైబిలు స్త్రీగా కుదిరింది. జీతం కొద్ది రూపాయలు. తెల్లచీర, చేతిసంచి, అందులో బైబిలు, పాటల పుస్తకం, ఒక సద్దిమూట. చుట్టుపక్కల పల్లెలకు నడిచి వెళ్ళేది. ఆడవాళ్ళు నాట్లు వేస్తుంటే గట్టు మీద కూర్చుని వాక్యం చదివేది. వాళ్ళు వినకపోతే తానూ పొలంలోకి దిగి నాలుగు కట్టలు నాటి, ఆ తరువాత చదివేది. చదువు రాని ఆడవాళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టేది, వచ్చినవి చదివి వినిపించేది. ఆ పల్లెల్లో ఆమె వల్ల మతంలో కలిసినవారు ఎందరో నాకు తెలియదు గాని, ఆమె వల్ల సంతకం నేర్చుకున్నవారు చాలామందే ఉన్నారు.

ఆమె భాష రెండు రకాలు. మాతో మాట్లాడేది అచ్చమైన ఒంగోలు మాట. కళ్ళు మూసుకుంటే చాలు, నాలుక గ్రాంథికంలోకి మారిపోయేది. పాత తెలుగు బైబిలు భాష అది. “ఏందిరా, అన్నం తినకుండా యాడికి పోతన్నావ్?” అని నన్ను కసిరిన నోటితోనే మరుక్షణం నా కోసం ద్వితీయా విభక్తులతో ప్రార్థన చేసేది. మా బజారులో అరసున్నలూ శకటరేఫలూ చదవగలిగిన మనిషి ఆమె ఒక్కతే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి పాట పైనా రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆమెకు సంగీతం రాదు. అయినా పురుషోత్తమ చౌదరి గారి పాటలు ఏ బాణీలో పాడాలో ఆమె చెప్పిందే మా గుడిలో ప్రమాణం. నాకు తెలుగు మీద కలిగిన ఇష్టానికి మొదటి కారణం బడి కాదు, ఆ వేకువజాము ప్రార్థనలే.

వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్ళేవి. ఇది మా సంఘాలలో పాత అలవాటే. అయితే ఇంట్లో ఒక పూట తిండికే లేని రోజుల్లో కూడా ఆమె పిడికిలి చిన్నది కాలేదని మేనత్త ఇప్పటికీ కాస్త కోపంగానే చెబుతుంది. భక్తురాలి బిడ్డలకు ఆకలి కూడా గుర్తుంటుంది.

ఇక, నేను చాలాకాలంగా రాయాలనుకుంటూ రాయలేకపోయిన సంగతి.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే పరిమితం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులైన దళితులను బి.సి.-సి కింద పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. ఊరి బావి దగ్గర మాత్రం మమ్మల్ని మీ మతమేమిటని ఎవరూ అడగలేదు. అందుకే మా పేటలో చాలామందికి బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. నాకూ అంతే.

1986లో నాకు కాలేజీ సీటు కోసం కులధృవీకరణ పత్రం కావలసి వచ్చింది. విచారణకు మనిషి ఇంటికి వస్తాడని తెలిసింది. ముందురోజు రాత్రి నాన్న తల వంచుకుని, “అమ్మా, రెండు రోజులు చీరాల పోయిరారాదూ, అక్క రమ్మంటంది” అన్నాడు. ఆమెకు అర్థమైంది. అడిగితే ఆమె అబద్ధం చెప్పదని మాకందరికీ తెలుసునన్న సంగతీ ఆమెకు తెలుసు. ఏమీ అనలేదు. తెల్లవారి లేచి బైబిలు సంచిలో పెట్టుకుంది. గోడకున్న వాక్యాల క్యాలెండరును తానే తీసి, చుట్టి, చంకలో పెట్టుకుని బస్సెక్కింది. మూడోరోజు వచ్చి దాన్ని మళ్ళీ అదే మేకుకు తగిలించింది.

నాకు పత్రం వచ్చింది. ఆ తరువాత మూడు నెలల పాటు ఆమె ప్రభు భోజనం తీసుకోలేదు. రొట్టె పళ్ళెం తన ముందుకు వస్తే పక్కవారికి అందించేది. ఎందుకమ్మా అని పాస్టరు గారు అడిగితే, “మా ఇంట్లో ఒక లెక్క తేలాలయ్యగారూ” అందట. మా ఎవరినీ ఒక్క మాట అనలేదు. తనను తానే దూరం పెట్టుకుంది. నాన్న ఆ మూడు నెలలూ గుడిలో వెనక వరుసలో కూర్చున్నాడు.

నాన్నది తప్పని నేను ఇప్పటికీ అనలేను. ఆ కాగితం లేకపోతే నేను ఈ నాలుగు అక్షరాలు రాసే స్థితిలో ఉండేవాడిని కాదు. ఆమె పస్తు వ్యర్థమనీ అనలేను. ఒక తల్లినీ కొడుకునూ అలా ఒకరి ముందు ఒకరు తలవంచుకునేలా చేసింది వాళ్ళిద్దరిలో ఎవరూ కాదు.

ఉద్యోగం వచ్చేదాకా బాప్తిస్మం మాట ఎత్తవద్దని నాన్న నాకు చెప్పాడు. సంఘం పుస్తకంలో పేరెక్కితే అది రుజువవుతుందని భయం. సరేనన్నాను. ఉద్యోగం వచ్చింది. భయం పోయింది. కాని అప్పటికి నాలో వేరే ప్రశ్నలు మొదలయ్యాయి. ఏళ్ళు గడిచాయి. తోటివాళ్ళందరూ తెల్లబట్టలతో తొట్టిలోకి దిగారు. నేను దిగలేదు. ఆమె అడగలేదు.

2005 క్రిస్మసుకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒకే ఒక్కసారి అడిగింది. అప్పటికి చూపు దాదాపు పోయింది. మంచం మీద కూర్చుని నా చెయ్యి తడుముతూ, “ఏరా, ఇంకా ఆ కాయితం కోసమేనా ఆగింది?” అంది.

నిజమే చెప్పాను. “కాదు నాయనమ్మా. దాని అవసరం ఎప్పుడో తీరిపోయింది. నాకు నమ్మకమే కుదరడం లేదు.”

ఏడుస్తుందనుకున్నాను. కాసేపు ఊరుకుంది. తరువాత, “అయితే దిగమాక. నమ్మకం లేకుండా దిగితే తడవడమే గాని బాప్తిస్మం కాదు” అంది. మళ్ళీ కొంతసేపటికి, “కాయితం కోసం ఆగావని కష్టంగా ఉండింది. ఇదైతే పర్లేదు” అంది. ఆ రాత్రి ప్రార్థనలో నా పేరు వచ్చింది. నన్ను నీళ్ళ దగ్గరకు పంపమని అడగలేదు. అబద్ధమాడకుండా కాపాడమని అడిగింది.

ఆమె బైబిలు ఇప్పుడు నా దగ్గర ఉంది. 1924 అని రాసిన పుటలోనే కింద మా అందరి పేర్లూ ఉన్నాయి. ఒక్కొక్కరి పేరుకు ఎదురుగా బాప్తిస్మం తీసుకున్న తేదీ. నా పేరు కూడా ఉంది. నా బడి పేరు కాదు, గుడి పేరు. దాని ఎదురుగా చిన్న గీత గీసి వదిలేసింది. కొట్టివేయలేదు, తరువాతి పేరును ఆ వరుసలోకి జరపలేదు.

నా పాత కాగితాల మధ్య ఆ పత్రం కూడా భద్రంగానే ఉంది. అందులో మతం అన్న చోట ఎవరో నీలం సిరాతో నింపిపెట్టారు. నన్ను అడగలేదు. నాయనమ్మ మాత్రం నన్ను అడిగింది, నా జవాబు విని, ఆ చోటు అలాగే ఉంచింది.