కరెంటు పోయిన రాత్రి

నాన్నగారి ఫొటోలను, ఆయన గొంతులోని నాలుగు మాటలను మేము ఇంట్లోని లినక్స్ కంప్యూటర్‌లోనే భద్రపరచుకున్నాము. ఒక వేసవి రాత్రి ఉన్నట్టుండి కరెంటు పోయింది. తిరిగి వచ్చాక కంప్యూటర్‌ను ఆన్ చేస్తే, నల్లని తెరపై డిస్కు తనిఖీ జరుగుతున్నట్లు అక్షరాలు కనిపించాయి. విసుగెత్తి స్విచ్ కట్టేయబోతుంటే అమ్మీజాన్ వారించారు: “ఆగండి పిల్లలూ, దాని పని దాన్ని చేసుకోనివ్వండి.”

ఆ పని చేసేది ఎఫ్‌ఎస్‌సీకే అనే ప్రోగ్రాం. ఏ ఫైలు డిస్కులో ఎక్కడ ఉందో తెలిపే పట్టికలను అది సరిచూస్తుంది. ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఆ పట్టికల మార్పులు ముందుగా ‘జర్నల్’ అనే చిట్టాకెక్కుతాయి. అందుచేత చాలాసార్లు ఆ చిట్టాను చూసుకుని, క్షణాల్లోనే లెక్క సరిచేసుకుంటుంది. ప్రమాదం లేని లోపాలను తానే దిద్దుతుంది. పెద్ద లోపం ఎదురైతే మనిషి నిర్ణయం కోసం ఆగిపోతుంది.

ఆ రాత్రి అలాగే ఆగింది. అది అడిగిన ప్రతి ప్రశ్నకూ బెదురుతూనే ‘అవును’ అని జవాబిచ్చాము. పేరు, చోటు కోల్పోయిన ఫైళ్లను అది ‘లాస్ట్ ప్లస్ ఫౌండ్’ అనే ఫోల్డర్‌లో అంకెల పేర్లతో ఉంచుతుంది. నాన్నగారి మాటలు మాకు అక్కడే దొరికాయి. రెండు ఫొటోలు మాత్రం ఇక తెరుచుకోలేదు.

అప్పుడు మాకు బోధపడింది. ఆ ప్రోగ్రాం పట్టికను బాగుచేయగలదే గాని, చెడిపోయిన బొమ్మను తిరిగి ఇవ్వలేదు. ఆ బాధ్యత మనదే. ఇప్పుడు నెలకొకసారి అన్నింటినీ వేరొక డిస్కులోకి నకలు తీసి, దానిని అమ్మీజాన్ బీరువాలో ఉంచుతున్నాము.