పక్కపక్కన రెండు సైకిళ్ళు

నలభై దాటిన ఆడది సైకిలు తొక్కుతానంటే మనవాళ్ళు ముందు నవ్వుతారు, తరవాత మోకాళ్ళ సంగతి అడుగుతారు. నేను బెల్జియం ప్రయాణమవుతున్నప్పుడు మా ఇంట్లో ఆ రెండూ అయ్యాయి. మా అత్తగారు మాత్రం ఇంకో ప్రశ్న కూడా వేశారు. "చీరతోనేనా?"

చీరతో కాదు లెండి. మా చెల్లెలి చుడీదారు ఒకటి నాకు పట్టింది. అంతవరకూ నా అదృష్టం.

చెల్లెలు పన్నెండేళ్ళుగా గెంట్‌లో ఉంటోంది. బెల్జియం దేశపు ఉత్తర భాగాన్ని ఫ్లాండర్స్ అంటారు. అక్కడ డచ్చి భాష మాట్లాడతారు. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ నేల మన గోదావరి డెల్టాలాగే బల్లపరుపు. "నువ్వొస్తే సైకిలు మీద ఊళ్ళు తిప్పుతానక్కా" అని ఏటా ఫోనులో అనేది. నేను సైకిలు ముట్టుకుని అప్పటికి ముప్ఫయ్యేళ్ళు. చిన్నప్పుడు భీమవరం దగ్గర మా ఊళ్ళో గంటకి రూపాయి చొప్పున అద్దె సైకిలు తెచ్చుకుని, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, కాలవగట్టు మీద ఇద్దరం నేర్చుకున్నాం. పదో తరగతికొచ్చేసరికి నాది ఆగిపోయింది. ఎవరూ వద్దనలేదు. రోడ్డు మీద లారీలు పెరిగాయి, అమ్మకి భయం పెరిగింది, ఆ రెండూ కలిసి నన్ను బస్సెక్కించేశాయి.

2024 మే నెలలో ఒక ఉదయం గెంట్ నుంచి అరగంట రైలు ప్రయాణం చేసి బ్రూగె చేరాం. అక్కడే రెండు సైకిళ్ళు అద్దెకి తీసుకున్నాం. ఆడసైకిళ్ళే, అడ్డకడ్డీ లేదు. పీట మీద కూచున్నట్టు నిటారుగా కూచోవచ్చు. మొదటి పది నిమిషాలూ హ్యాండిలు నా మాట వినలేదు. తరవాత విన్నది.

ఊరు దాటాక ఏదో లోటుగా అనిపించింది. ఏమిటా అని ఆలోచిస్తే, హారను! అప్పటిదాకా వెనకనుంచి ఎవరూ నన్ను తప్పుకోమనలేదు. పిట్టల గోల, ఎక్కడో ఆవుల అరుపు, నా ఆయాసం. నా ఆయాసం నాకే అంత స్పష్టంగా వినపడి ఎన్నేళ్ళయిందో!

ఆ దేశంలో కార్లు లేవనుకునేరు. ఆంట్‌వెర్ప్ చుట్టూ, బ్రస్సెల్స్ చుట్టూ పొద్దుటిపూట కార్లు బారులు తీరి నిలబడిపోతాయి, మన హైదరాబాదుకి ఏమీ తీసిపోవు. వాళ్ళు చేసిందల్లా పొలాల మధ్య సన్నదారుల్నీ కాలవగట్లనీ ఆ గోలనుంచి వేరు చేయడం. "ఇక్కడివారి బండ్లు తప్ప రాకూడదు" అని చాలా దారుల మొదట్లో బోర్డు ఉంటుంది. ఇక ఆ దారిన వస్తే ఏ రైతు ట్రాక్టరో వస్తుంది. ఊళ్ళల్లో సైకిలు వీధులని కొన్ని ఉన్నాయి. అక్కడ కారు సైకిలుని దాటి పోకూడదు, గంటకి 30 కిలోమీటర్లు మించకూడదు. ముందు ఒక ముసలావిడ కూరగాయల సంచితో నింపాదిగా తొక్కుతూ ఉంటే, వెనకాల పెద్ద కారు పెళ్ళికూతురి వెనక తోడిపెళ్ళికూతురిలా వస్తూ ఉంటుంది. గెంట్‌లో ఆ వైభవం నేను కళ్ళారా చూశాను.

అన్నిటికన్నా నాకు నచ్చింది అంకెల ఏర్పాటు. దారులు కలిసే చోటల్లా ఒక స్తంభం, దాని మీద ఒక అంకె. పక్కనే బాణం గుర్తులు, ఇటు వెళితే ఫలానా అంకె, అటు వెళితే ఫలానా అంకె అని. బయల్దేరేముందు పటం చూసుకుని ఆరేడు అంకెలు చీటీ మీద రాసుకుంటే చాలు. ఊరి పేర్లు పలకలేకపోయినా ఫరవాలేదు (వాటిలో సగం నేను ఇప్పటికీ పలకలేను). ఈ ఆలోచన హ్యూగో బోలెన్ అనే గనుల ఇంజనీరుది. లింబర్గ్ జిల్లాలో బొగ్గు గనులుండేవి. చివరి గని 1992లో మూతపడింది. భూమి కింద సొరంగాల కూడళ్ళకి అంకెలు వేసుకునే గనివాళ్ళ పద్ధతిని ఆయన నేలమీది సైకిలు దారులకి తెచ్చాడు. 1995లో మొదట ఆ జిల్లాలోనే పెట్టారు. తరవాత ఫ్లాండర్స్ అంతా పాకింది, పక్కనున్న నెదర్లాండ్సూ అందిపుచ్చుకుంది.

ఇందులో విశేషమేముంది అంటారేమో. ఒంటరిగా వెళ్ళే ఆడదాన్ని అడగండి, చెబుతుంది. తెలియని చోట దారి అడగాలంటే మనం ముందు ఎవర్ని అడగాలో చూసుకుంటాం. కిళ్ళీకొట్టు దగ్గర గుంపుని అడగం, పిల్లనెత్తుకున్న తల్లి కోసం వెతుకుతాం. అడిగాక "ఒక్కరే వచ్చారా?" అన్న ప్రశ్నకి జవాబు సిద్ధం చేసుకుంటాం. ఇక్కడ ఆ అవసరమే లేదు. డెబ్బయ్యేళ్ళ ఆవిడ ఎర్ర కోటు వేసుకుని, బుట్టలో కుక్కపిల్లని కూచోబెట్టుకుని, అంకె చూసుకుని మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఆవిడ ఎక్కడికి వెళుతోందో ఎవరికీ తెలియనక్కర్లేదు.

మా చీటీలో మొదటి మజిలీ డామ్. బ్రూగె నుంచి ఆరేడు కిలోమీటర్లు, దారంతా తిన్నని కాలవ పక్కనే. 1810లో నెపోలియన్ ఆజ్ఞ మీద తవ్వకం మొదలైన కాలవ అది. సముద్రం మీద ఇంగ్లీషువాళ్ళ యుద్ధనావలు కాపు కాస్తున్నాయని, లోపలినుంచే పడవలు నడుపుకుందామని ఆయన ఎత్తు. స్పెయిను యుద్ధఖైదీల చేత తవ్వించారు. కాలవ పూర్తయ్యేలోపే ఆయనగారి కథ పూర్తయింది. యుద్ధం కోసం తవ్విన నీళ్ళలో ఇప్పుడు బాతులు పిల్లల్ని వెంటేసుకుని ఈదుతున్నాయి. గట్టు మీది పొడుగాటి పోప్లారు చెట్లన్నీ గాలికి ఒకే పక్కకి వంగి ఉన్నాయి. ఆ దేశంలో కాలవగట్ల మీద సైకిలు దారులు చాలావరకు ఒకప్పుడు గుర్రాలూ మనుషులూ తాడు కట్టి పడవలు లాగిన బాటలే. మన గోదావరి కాలవల మీద గూటిపడవల్ని గట్టు వెంట తాళ్ళతో లాగేవాళ్ళని మా తాతయ్య చెప్పేవారు. ఆ గట్లు మనకీ ఉన్నాయి. వాటి మీద నడవడానికే జాగా లేకుండా చేసుకున్నాం, అది వేరే సంగతి.

డామ్ ఒకనాడు బ్రూగెకి రేవు. సముద్రపు పాయ పూడిపోయి ఊరు చిన్నబోయింది. 1997 నుంచి అది పుస్తకాల ఊరట. ఊరి మధ్య చావడి ముందు పదమూడో శతాబ్దపు కవి యాకోబ్ వాన్ మార్లాంట్ విగ్రహం ఉంది. కవిని ఊరి నడిబొడ్డున నిలబెట్టినందుకు నాకు ఆ ఊరి మీద అభిమానం కలిగింది. విగ్రహం ఎదురుగా బెంచీ మీద కూచుని పులిహోర తిన్నాం. ఇంగువ వాసనకి పక్క బెంచీ వాళ్ళు రెండుసార్లు తిరిగి చూశారు.

అక్కణ్ణించి కొంత దూరంలో జంట కాలవలు వస్తాయి. రెండూ పక్కపక్కనే ఆనుకుని పోతాయి. ఊరివాళ్ళు ఒకదాన్ని "మెరిసేది" అనీ రెండోదాన్ని "కంపుది" అనీ పిలుచుకుంటారు. ఎగువన అవిసెనార నానబెట్టిన మురుగునీళ్ళు కంపుదాంట్లో పారేవట. మా అత్తవారిది బొబ్బిలి వైపు. గోగునార నానబెట్టిన చెరువు వాసన తెలిసినదాన్ని కనక ఆ పేరు ఎందుకొచ్చిందో నాకు వేరే చెప్పనక్కర్లేకపోయింది. ఇప్పుడు రెండిట్లోనూ ఆకాశమే కనిపిస్తోంది.

అంకెలు మమ్మల్ని అక్కడ పొలాల్లోకి మళ్ళించాయి. సిమెంటు పలకలు పరిచిన దారి. పలకకీ పలకకీ మధ్య చక్రం టక్కుమంటుంది. అప్పటిదాకా ఒకరి వెనక ఒకరం వచ్చాం. ఇక్కడ చెల్లెలు నా పక్కకి వచ్చింది. ముందూ వెనకా ఎవరూ లేరు. టక్కు, టక్కు. ఇద్దరి చూపూ దారి మీదే.

"అక్కా, అమ్మ చివర్లో నన్ను అడిగిందా?" అంది.

అమ్మ 2021 మేలో పోయింది, కోవిడ్ రోజులు. చెల్లెలు రాలేకపోయింది. ఫోనులో చూసింది అంతా. ఆ తరవాత మూడేళ్ళలో మేం మాట్లాడుకోని విషయం లేదు, అదొక్కటి తప్ప. వంటింట్లో ఎదురెదురుగా కూచున్నా, పడగ్గదిలో దీపం ఆర్పేశాక కూడా, ఇద్దరం దాని చుట్టూ తిరిగి వచ్చేసేవాళ్ళం.

ఉన్నదున్నట్టు చెప్పాను. చివరి రెండు రోజులూ అమ్మ ఎవర్నీ గుర్తుపట్టలేదు, నన్ను కూడా. అంతకుముందు రోజు మాత్రం "దానికక్కడ చలి తగ్గిందో లేదో" అంది. మండు వేసవి, ఎవరూ చలి ఊసెత్తలేదు. ఎవరికి అని నేను అడగలేదు.

చెల్లెలు మాట్లాడలేదు. పలకలు దాటుతున్నాయి. వెనకాల గంట మోగింది. ఇద్దరు ఆడవాళ్ళు, తెల్లజుట్టు, చెయ్యెత్తి పలకరించి మమ్మల్ని దాటిపోయారు. వాళ్ళకి దారిచ్చి మళ్ళీ పక్కపక్కకి వచ్చేసరికి చెల్లెలు ముక్కు తుడుచుకుని, "తగ్గలేదు, ఇక్కడ మేలో కూడా స్వెట్టరే" అంది. ఆ తరవాత మధ్యాహ్నమంతా అమ్మ గురించే మాట్లాడుకున్నాం. అమ్మ చింతకాయ పచ్చడి, అమ్మ కోపాలు, మాకు సైకిలు నేర్పుతూ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని సీటు పట్టుకుని పరిగెత్తడం. ఆ పరుగు నాకు బాగా గుర్తు. చెల్లెలికి లేదు, అది అప్పుడు ముందు సీటు మీద ఉంది.

స్లూయిస్ నెదర్లాండ్స్‌లో ఉంది. సరిహద్దు దగ్గర గేటూ లేదు, పోలీసూ లేడు. కాఫీ తాగి వెనక్కి తిరిగాం. వెళ్ళేటప్పుడు వీపు తట్టిన గాలి ఇప్పుడు ఎదురు తిరిగింది. చెట్లెందుకు వంగాయో నా మోకాళ్ళకి అప్పుడు అర్థమైంది.

"నా వెనకాలే అంటిపెట్టుకుని రా, గాలి తగలదు" అని చెల్లెలు ముందుకి వెళ్ళింది. నిజమే, దాని వీపు వెనక గాలి సగమైంది. డామ్ గాలిమర కనిపించేదాకా అలా లాక్కొచ్చింది. అక్కడ ఆగి, మంచినీళ్ళు తాగి, సీసా నా చేతిలో పెట్టి, "ఇంక నువ్వు ముందు" అంది.